వెంటనే అంటే ఐదు నిమిషాలు

మొన్న ఆఫీసు మెయిలుకి ఫోన్లోనే జవాబు కొడుతున్నాను. ఫైలు పంపిస్తానన్నంత వరకు రాసి, ఎప్పుడు పంపిస్తానో రాయబోతూ ఆగాను. ఆగానో లేదో కీబోర్డు నెత్తిన మూడు మాటలు వచ్చి నిలబడ్డాయి. ఇమ్మీడియట్లీ. సూన్. షార్ట్లీ. బండి మీద మూడు రకాల వంకాయలు పేర్చి "ఏవి తూయమంటారమ్మా" అని అడిగినట్టు. నాకు తెలిసినంతలో ఆఫీసుల్లో ఈ మూడింటికీ అర్థం ఒకటే: ఇప్పట్లో పంపను.

మూడోది నొక్కి పంపేశాను. మొదటి మాట మాత్రం కాసేపు కళ్ళ ముందు నుంచి కదల్లేదు. ఒకప్పుడు ఆ ఒక్క మాట చుట్టూ మా ఇంట్లో మూడు సాయంత్రాలు పెద్దవాళ్ళు గుండ్రంగా కూర్చుని బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. రెండు కిలోల శనగపిండి అయిపోయింది. నాన్న ప్రమోషన్ పోయింది. నా గది పోయింది. అది అప్పటికింకా నాకు రాని గది. రాని గది ఎలా పోతుందో చెప్తాను.

విశాఖలో స్టీలు ప్లాంటు కాలనీలో మాది చిన్నరకం క్వార్టరు. ఒక గది, దాన్ని హాలు అని పిలుచుకునే ఇంకో గది, వంటిల్లు. నేను వంటింటి గట్టు మీద పుస్తకం పెట్టుకుని, పక్కన పప్పు ఉడుకుతుంటే, నిలబడి చదువుకునేదాన్ని. నా పదో తరగతి నోటుపుస్తకాలన్నీ ఇంగువ వాసన వేసేవి. సాయంత్రం గాలి తిరిగిందంటే ఒకవైపు నుంచి బొగ్గు కాలిన వాసన, ఇంకోవైపు గంగవరం నుంచి ఎండుచేపల వాసన వచ్చి మా బాల్కనీలో కలుసుకునేవి. ఆరేసిన తెల్ల యూనిఫారం సాయంత్రానికి టీ రంగుకి వచ్చేది. ఉతికితే పోదు. అమ్మ దానికి "ప్లాంటు రంగు" అని పేరు పెట్టింది. గోదావరి జిల్లా నుంచి కాపురానికొచ్చిన ఆవిడకి ఇక్కడి గాలి, నీళ్ళు, యాస, ఏదీ నచ్చలేదు. నేను ఎప్పుడైనా "ఏటి" అంటే "ఏమిటి" అనేదాకా అన్నం పెట్టేది కాదు.

నాన్న ప్లాంటులో కన్వేయర్ బెల్టు మీద పనిచేసేవాడు. అరకిలోమీటరు పొడుగున్న రబ్బరు పట్టా బొగ్గు మోసుకుంటూ తిరుగుతూ ఉంటుంది. దాని తోక దగ్గర ఒక మనిషి, తల దగ్గర ఒక మనిషి కాపలా. బెల్టు పక్కనే పొడుగునా ఒక తాడు. ఏదైనా తేడా కనిపిస్తే తాడు లాగాలి, బెల్టు ఆగుతుంది. ఉద్యోగం మొత్తం ఇంతే. దీనికోసం మా నాన్న ఇరవై ఏళ్ళు తెల్లవారుజామున లేచాడు.

ఆ ఏడాది ప్రమోషన్ల జాబితాలో నాన్నది మొదటి పేరు. ప్రమోషన్ వస్తే రెండు గదుల క్వార్టరు వస్తుంది. అలాంటిదొకటి మా వెనక బ్లాకులో ఖాళీగా ఉండేది. నేను కిటికీ ఊచలు పట్టుకుని ఎగబాకి లోపలికి చూసి వచ్చాను. చిన్న గది, కొండ కనిపించే కిటికీ, గోడలో మూడు అరలు. ఏ అరలో ఏ పుస్తకం పెట్టాలో కూడా తేల్చేసుకున్నాను. జీవితంలో నేను చేసిన మొదటి ప్లానింగు అదే. ఆఖరిది కూడా.

ఆ రోజుల్లో కాలనీకి ఇంగ్లీషు జ్వరం పట్టుకుంది. ఎవరి పిల్లలు చూసినా ఇంగ్లీషు మీడియం. పిల్లల దగ్గర పెద్దవాళ్ళకి అంటుకుంది. పాలప్యాకెట్ల క్యూలో కూడా "యాక్చువల్లీ" లేకుండా ఎవరూ నోరు విప్పేవారు కాదు. "యాక్చువల్లీ రెండు హాఫ్‌లీటర్లు ఇవ్వండి." అసలుకైతే రెండు, నకిలీకైతే మూడు కాబోలు. అమ్మ ఊరికే అనడానికి "సింప్లీ" పట్టుకుంది. "సింప్లీ కూర్చున్నానండి." మా ఎదురింటావిడ "బేసికల్లీ". ఆవిడ బేసికల్లీ తెనాలి నుంచి వచ్చారు, బేసికల్లీ ఉల్లిపాయ తినరు.

ఈ జనం మధ్య నేను పండితురాలిని. జగదాంబ సెంటర్లో ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి దొరికింది. ఒకేలా కనిపించే ఇంగ్లీషు మాటల్లో ఎప్పుడు ఏది వాడాలో చెప్పే పుస్తకం. సూన్ ఎక్కడ, షార్ట్లీ ఎక్కడ, ఎట్ వన్స్ ఎక్కడ. ఉదాహరణలన్నిట్లోనూ ఒక రాజుగారు ఎక్కడికో వెళ్ళి తిరిగొస్తుంటాడు. ఒకచోట త్వరగా, ఒకచోట కాసేపట్లో, ఒకచోట తక్షణం. ఎందుకెళ్ళాడో పుస్తకం మొత్తంలో చెప్పలేదు. అది మొత్తం బట్టీ పట్టేసి కాలనీలో నా అంతటిది లేదన్నట్టు తిరిగేదాన్ని. పిల్లల లీవు లెటర్లు రాసిపెట్టి బదులుగా జీడిమామిడి పళ్ళు పుచ్చుకునేదాన్ని. "సివియర్లీ" పెడితే రెండు పళ్ళు, "స్లైట్లీ" పెడితే ఒకటి. జ్వరం ఎంతుందన్నది ఎవరికి కావాలి.

మా పైవాటాలో నాన్న స్నేహితుడు ఉండేవాడు. నాకు మావయ్య వరస. సొంతూరు పద్మనాభం దగ్గర పల్లె, వ్యవసాయ కుటుంబం. నాన్నా ఆయనా ఒకే షిఫ్టు, ఒకే బెల్టు. ఒకరినొకరు "బావ" అనుకునేవారు. ఊరెళ్ళి వచ్చినప్పుడల్లా పనసకాయో, కొత్తబియ్యమో తెచ్చి మా వంటింట్లో పెట్టేవాడు. అమ్మ బియ్యం తీసుకునేది, యాసని భరించేది. ఆయనకి ఇంగ్లీషు రాదు. షిఫ్టు చివర లాగ్‌బుక్కులో రాయాల్సినవి ఆయనవి కూడా నాన్నే రాసేవాడు.

ఒక సాయంత్రం ఆ మావయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నేను గట్టు దగ్గర లెక్కలు చేస్తున్నాను.

"బావ, రేపొకపాలి పెందుర్తి ఎల్లాల. బ్రోకరు సైటు సూపిత్తానన్నాడు. ఇప్పుడు కొనకపోతే మరి దొరకదంట."

"డ్యూటీ ఉంది కదా బావ," అన్నాడు నాన్న.

"డూటీకొచ్చి ఎల్తాను. బేగి వచ్చీత్తాను. రొండు గంటలు సూసుకోలేవేటి?"

నాన్న సరే అన్నాడు. ఈ సర్దుబాటు అందరూ చేసేదే. ఒకడు బయటికెళ్తే రెండోవాడు తలా తోకా రెండూ చూసుకోవాలి. కాగితం మీద మాత్రం వెళ్ళినవాడిని తల దగ్గర ఉన్నట్టు రాస్తారు. అక్కడ పెద్దగా ఏమీ జరగదు కాబట్టి. ఉన్నవాడి పేరు తోక దగ్గర రాస్తారు. బొగ్గు పడేది, ఇనపముక్కలు ఇరుక్కునేది అక్కడే.

మర్నాడు అదే జరిగింది. నాన్న తల దగ్గర పేరుకున్న బొగ్గు ఎత్తుతున్నప్పుడు తోక దగ్గర ఇనపముక్క ఇరుక్కుని బెల్టుని కోయడం మొదలుపెట్టింది. కోసిన చోటు అరకిలోమీటరు ప్రయాణం చేసి తల దగ్గరికి వచ్చాక గానీ నాన్నకి కనబడలేదు. కనబడగానే తాడు లాగాడు. అప్పటికి బెల్టు సగానికి పైగా నిలువునా చిరిగింది.

సాయంత్రం లాగ్‌బుక్కులో నాన్న ఒక లైను రాశాడు: బెల్టు చిరిగింది, ఇమ్మీడియట్లీ ఆపాను. ఆ బుక్కులో ఏ పేజీ తీసినా అదే మాట ఉంటుంది. శుభ్రం చేశాం, ఇమ్మీడియట్లీ. నూనె పోశాం, ఇమ్మీడియట్లీ. ఇరవై ఏళ్ళుగా అందరూ రాస్తున్నారు, ఎవరూ చదవలేదు. ఈసారి చదివారు.

నాలుగో రోజు మెమో వచ్చింది. తెలుగులో చెప్పాలంటే సంగతి ఇది: నువ్వు తోక దగ్గర ఉన్నావు. ఇంత నిడివి చిరగడానికి ఐదు నిమిషాలు పడుతుంది. నీ కళ్ళ ముందు ఐదు నిమిషాలు చిరుగుతుంటే చూస్తూ నిలబడి, వెంటనే ఆపానని ఎలా రాశావు? మూడు రోజుల్లో వివరణ ఇవ్వు.

నిజం చెప్తే ఒక్క వాక్యం. నేను తోక దగ్గర లేను, తల దగ్గర ఉన్నాను, ఎందుకంటే అక్కడ ఉండాల్సిన మనిషి పెందుర్తిలో స్థలం చూస్తున్నాడు. ఈ వాక్యం మా బ్లాకులో అందరికీ తెలుసు. మెట్ల కింద పడుకునే కుక్కకి కూడా తెలుసని నా అనుమానం, ఆ వారం అది మావయ్యని చూసి మొరగడం మానేసింది. కానీ ఎవరూ ఆ వాక్యం పైకి అనలేదు. దానికి బదులు డ్రాఫ్టు తాతగారిని పిలిచారు.

ఆయన రిటైరైన హెడ్‌క్లర్కు. కొడుకు క్వార్టరులో ఉండేవాడు. కాలనీలో ఎవరికి మెమో వచ్చినా జవాబు ఆయనే రాసేవాడు. మెమో వచ్చిన ఇంట్లో సాయంత్రం చాప పరిచి, బజ్జీలు వేసి, ఆయన్ని కూర్చోబెట్టడం సత్యనారాయణ వ్రతమంత పద్ధతిగా జరిగేది. ఆయన దగ్గర ఎర్ర అట్టల నోటుబుక్కు ఉండేది. అందులో నేరాల వారీగా మాటలు. ఆలస్యంగా వచ్చినవాడికి "అన్‌అవాయిడబ్లీ". పైఅధికారిని తిట్టినవాడికి "అన్‌ఇంటెన్షనల్లీ". డ్యూటీలో నిద్రపోయినవాడికి "మొమెంటరిలీ". రాత్రంతా గురకపెట్టి నిద్రపోయినా సరే, మొమెంటరిలీ.

మొదటి సాయంత్రం ఆయన మెమోని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడిచి, "జబ్బంతా క్రియావిశేషణంలో ఉందయ్యా," అన్నాడు. డాక్టరు ఎక్సరే చూసి చెప్పినట్టు. "ఇమ్మీడియట్లీని మెత్తబరచాలి. ప్రాంప్ట్లీ అంటే?"

"ప్రాంప్ట్లీ కూడా వెంటనేనే తాతగారూ," అన్నాను వంటింట్లోంచి. "రాజుగారు ప్రాంప్ట్లీ వచ్చాడంటే అసలు ఆగలేదని."

"ఏ రాజుగారే?"

పుస్తకం గురించి చెప్పాను. ఆయన నన్ను చాప మీదికి పిలిచాడు. ఆ రోజు నుంచి నేనూ కమిటీ మెంబరుని. నా దస్తూరి బావుంటుందని ఫెయిరు కాపీ పని కూడా నాదే. పొగరు నెత్తికెక్కి నా నడకే మారిపోయింది.

మావయ్య కూడా వచ్చాడు. మొదటి బజ్జీ ఆయనే తీసుకున్నాడు.

"నాను సెప్పీది ఇనండి తాతగారు. 'సడన్లీ' పెట్టండి. సడన్లీ అంటే ఎవుల తప్పూ ఉండదు. వర్షం వచ్చినట్టు."

"చిరగడం సడన్లీ సరే. ఆపడం?"

"ఆపడం కూడా సడన్లీయే."

"అప్పుడు సడన్‌గా ఆపడానికి ఐదు నిమిషాలు ఎందుకు పట్టిందని అడుగుతారు," అన్నాడు తాతగారు.

"మరేటి సేత్తాం," అని మావయ్య రెండో బజ్జీ తీసుకున్నాడు.

రెండో సాయంత్రం "యాజ్ సూన్ యాజ్ పాజిబుల్" మీద గడిచింది. అందులో "పాజిబుల్" ఉంది కాబట్టి ఐదు నిమిషాలు దాచుకోవచ్చని తాతగారి వాదం. ఎందుకు పాజిబుల్ కాలేదో చెప్పాల్సి వస్తుందని నా వాదం. "ఇన్ టైమ్", "ఆన్ టైమ్" కూడా కాసేపు కొట్టుకున్నాయి. నాన్న గోడకి ఆనుకుని కూర్చుని, ఎవరో వేరేవాళ్ళ పెళ్ళి మాటలు వింటున్నట్టు వింటున్నాడు.

"చూసిన వెంటనే ఆపాడు కదయ్యా. అదే రాద్దాం," అన్నాడు తాతగారు విసుగొచ్చి.

అప్పుడు అమ్మ వంటింట్లోంచి, బాణలితో మాట్లాడుతున్నట్టు అంది. "ఆయన చూసింది వెంటనేనండి. చూడాల్సిన వాళ్ళు పెందుర్తిలో చూస్తున్నారు."

మావయ్య దగ్గాడు. "సెల్లెమ్మా, మిరపకాయ సానా కారంగా ఉంది."

"అవి అరటికాయ బజ్జీలు అన్నయ్యగారూ," అంది అమ్మ.

తాతగారు నోటుబుక్కులో పేజీ తిప్పాడు. అంతే. ఆయనకి కూడా తెలుసు. అందరికీ తెలిసిన నిజం చుట్టూ కూర్చుని, దాన్ని తాకకుండా, ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటీ దాని మీద దుప్పట్లలా కప్పి చూస్తున్నారు. ఏ దుప్పటీ చాలట్లేదు. కాళ్ళు బయటికొస్తున్నాయి. నాకు అప్పటికి అర్థమైంది: ఇక్కడ కావాల్సింది క్రియావిశేషణం కాదు, ఒక మనిషి పేరు. ఆ మనిషి మా చాప మీదే కూర్చుని బజ్జీ నమిలి చట్నీ బావుందంటున్నాడు.

మూడో సాయంత్రం డ్రాఫ్టు నా చేతికొచ్చింది. తాతగారు చివరికి "విత్ డ్యూ ప్రాంప్ట్‌నెస్" దగ్గర స్థిరపడ్డాడు. అంటే ఏమిటో ఎవరికీ తెలియదు, అదే దాని బలం అన్నాడు. అందరూ వెళ్ళిపోయాక నేను ఫెయిరు కాపీ రాయడానికి కూర్చున్నాను. రాశాను. తాతగారి మాటలన్నీ రాసి, మధ్యలో నా సొంత వాక్యం ఒకటి పెట్టాను. తల దగ్గర డ్యూటీలో ఉన్నట్టు రాసిన ఫలానా వ్యక్తి ఆ సమయంలో ప్లాంటులో లేడు. మావయ్య పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. ధైర్యం అనుకునేరు. నాకు కిటికీ, మూడు అరలు కళ్ళ ముందు ఆడుతున్నాయి, అంతే.

నాన్న సంతకం పెట్టబోయే ముందు ప్రతి అక్షరం వేలు పెట్టి చదివాడు. ఆయనకి ఇంగ్లీషు చదవడం నెమ్మది. వేలు నా వాక్యం దగ్గర ఆగింది. మళ్ళీ మొదటికెళ్ళి మళ్ళీ అక్కడికొచ్చి ఆగింది.

"ఇది తాతగారు చెప్పారా?"

"లేదు."

"ఇంగ్లీషు బావుంది," అన్నాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "మళ్ళీ రాయి."

"నిజమే కదా నాన్నా."

"నిజమే. వెళ్ళమన్నది నేనే. అదీ నిజమే." జేబు మీద చెయ్యి వేసుకుని అన్నాడు: "డ్యూటీ టైములో గేటు దాటితే మెమో ఇవ్వరమ్మా, ఇంటికి పంపేస్తారు. నాకైతే ప్రమోషన్ పోతుంది. అంతేగా."

అంతేగా అన్నాడు. నా గది ఆ "అంతేగా"లో ఉంది. చెప్పాను కూడా. "మరి నా గది?"

నాన్న పెన్ను నా చేతికిచ్చాడు. "ఆలస్యంగా చూశాను అనడానికి ఇంగ్లీషులో ఏ మాట?" అని అడిగాడు.

కోపంలో కూడా నా పాండిత్యం ఆగలేదు. బిలేటెడ్లీ అన్నాను. టార్డిలీ అన్నాను. రెండింటికీ తేడా చెప్పబోయాను.

"మామూలు మాట లేదా?"

"లేట్."

"అది రాయి. బెల్టు చిరగడం లేటుగా చూశాను. తప్పు నాది. చాలు."

రెండు లైన్ల జవాబు. అబద్ధం ఒక్కటీ లేదు. నిజం కూడా పెద్దగా లేదు. మర్నాడు డ్రాఫ్టు తాతగారు అది చూసి గుండె పట్టుకుని కూర్చున్నాడు. నిజంగా కాదు, ఆయనకి ఆ అలవాటుంది. "లేట్ ఏమిటయ్యా, లేట్. బస్సు గురించి వాడే మాట. ముప్ఫై ఏళ్ళ నా సర్వీసులో ఇంత నగ్నంగా ఉన్న జవాబు చూళ్ళేదు," అన్నాడు. తర్వాత నెల్లాళ్ళు మా ఇంటి వైపు రాలేదు. కాలనీ నుంచి పోయిన జవాబుల్లో ఇదొక్కటే తనది కాదని అందరికీ విడివిడిగా చెప్పుకున్నాడట.

ప్రమోషన్ల జాబితా మళ్ళీ వచ్చింది. నాన్న పేరు లేదు. జాబితాలో మొదటి పేరు తీసేస్తే రెండో పేరు మొదటిదవుతుంది. ఇది లెక్కల పుస్తకంలో కూడా ఉంటుంది. రెండో పేరు మావయ్యది.

ఆయన మాడుగుల హల్వా పట్టుకుని వచ్చాడు. నాన్న చేతులు పట్టుకున్నాడు. "బావ, నీ రుణం నాను ఎలగ తీర్సుకుంటాను," అని ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, నేను దగ్గరుండి చూశాను. ఏడుస్తూ రెండు ముక్కలు హల్వా కూడా తిన్నాడు. అమ్మ మంచినీళ్ళు ఇచ్చి, "సింప్లీ తీసుకోండి అన్నయ్యగారూ," అంది. ఆ మాట అంత సరిగ్గా వాడటం ఆవిడ జీవితంలో అదే మొదటిసారి.

వెనక బ్లాకులో ఖాళీ క్వార్టరు ఆయనకే వచ్చింది. పాలు పొంగించిన రోజు నేనూ వెళ్ళాను. కొండ కనిపించే కిటికీ ఉన్న గదిలో పద్మనాభం నుంచి వచ్చిన బియ్యం బస్తాలు వేశారు. మూడు అరల్లో చింతపండు కుండలు, పాత చెప్పులు, వినాయకుడి పటం. ఆ ఇంట్లో చదువుకునేవాళ్ళు ఎవరూ లేరు. బస్తాలు మాత్రం హాయిగా కొండ చూసుకుంటూ ఉండేవి.

అయితే ప్రమోషన్ అంటే షిఫ్టు రిపోర్టు తన చేత్తో రాయాలి. మావయ్యకి ఇంగ్లీషు రాదు. అందుకని సాయంత్రాలు మా ఇంటికే వచ్చేవాడు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, మంచం అంచున కూర్చుని, "పాపా, 'రీసెంట్లీ' పెట్టాలా, 'లేట్లీ' పెట్టాలా?" అని అడిగేవాడు. నాన్న పేపరు వెనక నుంచి "చెప్పమ్మా," అనేవాడు. నా గదిని బస్తాలకిచ్చిన మనిషికి నేను మాటలు ఏరి ఇవ్వాలి. పెరుగన్నంలో రాయి వచ్చినట్టు ఉండేది.

ప్రతీకారం తీర్చుకోలేదనుకోకండి. వారం రోజులు ప్రతి వాక్యంలోనూ, నోటీసుల్లో "ఇందుమూలంగా" అని వాడే "హియర్‌బై" పెట్టించాను. బెల్టు హియర్‌బై శుభ్రం చేయబడింది. నూనె హియర్‌బై పోయబడింది. ఇంజినీరు చదివి అందరి ముందు నవ్వుతాడని నా ఆశ. ఆయన చదివి, ఈ మనిషికి ఆఫీసు భాష మీద పట్టుందని మెచ్చుకున్నాడట. మావయ్య వచ్చి నాకు పావుకిలో జీడిపప్పు ఇచ్చాడు. నా పగ కూడా ఆయనకే కలిసొచ్చింది. అమ్మకి చెప్తే జీడిపప్పు ఉప్మాలో వేసేసింది.

ఏడాదో, ఏడాదిన్నరో గడిచింది. ఒక సాయంత్రం మావయ్య తొందరగా వచ్చాడు. మొహం చిరాగ్గా ఉంది. ఆయన కింద తగరపువలస నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చే కాంట్రాక్టు మనిషి ఒకడున్నాడు, నాన్న కంటే వయసులో పెద్ద. ఆ రోజు తోక దగ్గర లేడు. భార్యని ఆసుపత్రిలో చేర్చారని కబురొస్తే ఫోను చేసుకోవడానికి వెళ్ళాడు. ఆ అరగంటలో బొగ్గు పొంగి బెల్టు పక్కన గుట్ట పడింది. పైవాళ్ళు రిపోర్టు అడిగారు.

"పాపా, 'ఆబ్సెంట్' అనీ ముందర ఏటి పెట్టాల? 'ఆల్వేస్' పెట్టాలా, 'ఫ్రీక్వెంట్లీ' పెట్టాలా?"

"ఎన్నిసార్లు వెళ్ళాడు మావయ్యా?"

"ఎళ్ళింది ఒకపాలే. ఒకపాలి అని రాత్తే రిపోర్టుకి బలం సాలదు."

నేను ఆలోచించాను. ఏం ఆలోచించానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఆ మనిషి గురించి కాదు. రెండు మాటల గురించి. ఆల్వేస్ అంటే మరీ అతిశయంగా ఉంటుంది, ఎవరూ నమ్మరు. ఫ్రీక్వెంట్లీ ఆఫీసు మాట, నిలబడుతుంది. పుస్తకంలో రాజుగారు కూడా వేటకి ఫ్రీక్వెంట్లీయే వెళ్ళేవాడు. "ఫ్రీక్వెంట్లీ బావుంటుంది మావయ్యా," అనేశాను. సందేహం తీర్చిన ఆనందం కూడా కలిగింది.

నాన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"బావ, ఇది మీ ఇంట్లో రాసుకో."

మావయ్య పెన్ను కాగితం మీంచి తీశాడు. "అదేటి బావ. ఆడి పేరు రాయకపోతే నా మీదికి వత్తాది కదా."

"వస్తుంది," అన్నాడు నాన్న.

గొంతు పెంచలేదు. మావయ్య పెన్ను మూతపెట్టాడు. కాగితం మడిచాడు, జేబులో పెట్టుకున్నాడు. అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది, కాఫీ ఇవ్వలేదు. ఆయన లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, "మంచీది బావ, వత్తాను," అన్నాడు. తర్వాత ఇంగ్లీషు కోసం మా ఇంటికి రాలేదు. పనసకాయలు కూడా ఆగిపోయాయి. ఎదురుపడితే ఇద్దరూ "బావ" అనే పలకరించుకునేవారు.

రిపోర్టులో చివరికి ఏ మాట పెట్టాడో నాకు తెలియదు. తగరపువలస మనిషి మాత్రం మళ్ళీ పనిలో కనబడలేదని నాన్న ఒకసారి అన్నం తింటూ అన్నాడు. నా వైపు చూసి అనలేదు. అది ఇంకా అన్యాయం.

నాన్న రిటైరయ్యే వరకు ఆ చిన్న క్వార్టరులోనే ఉన్నాం. ఇంటరూ డిగ్రీ కూడా నేను వంటింటి గట్టు మీదే పూర్తి చేశాను. ఇప్పుడు నా జీతం ఇంగ్లీషు మాటలు ఏరినందుకే వస్తుంది. కంపెనీ సర్వరు పాడైతే ఖాతాదారులకి క్షమాపణ మెయిళ్ళు నేనే రాస్తాను. "టెంపరరిలీ" అంటానో "బ్రీఫ్లీ" అంటానో దాని మీద రెండు మీటింగులు జరుగుతాయి. గుండ్రంగా కూర్చుంటాం. బజ్జీలు మాత్రం ఉండవు. ఎవరి వల్ల పాడైందో అందరికీ తెలుసు. ఆయన కూడా వస్తాడు, మంచి సలహాలిస్తాడు. నేను మెయిలు రాస్తాను. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా "మీ ఇంట్లో రాసుకో" అనలేదు.

ఇలాంటిచోట ఆ సాయంత్రం నాన్న అన్న ఒక్క మాట వెయ్యి గదుల పెట్టు అని రాసి ముగించడం రివాజు. కళ్ళు చెమర్చాయని కూడా రాయొచ్చు. నేను రాయను. నాన్న చేసింది సరైన పనే. నాకు ఆ గది కావాల్సిందే. ఈ రెంటినీ ఒకే వాక్యంలో కలిపే మాట కోసం ఇన్నేళ్ళూ వెతికాను. ఏ భాషలోనూ దొరకలేదు. అందుకే విడివిడిగా రాశాను.